సంక్రాంతికి టమాట కావాలంటే రోహిణి కార్తెలోనే కుప్ప మొదలుపెట్టాలి

వంటింటి చెత్తను ఎరువుగా మార్చి టమాట పండించాలనుకునే వారిలో చాలామంది ముందుగా నారు కొంటారు, ఆ తరువాత ఎరువు సంగతి ఆలోచిస్తారు. నారు 25 నుంచి 30 రోజుల్లో తయారవుతుంది. ఎరువు మాగడానికి మాత్రం మూడు నాలుగు నెలలు పడుతుంది. కాబట్టి లెక్కను పంట చివరి నుంచి వెనుకకు వేసుకోవాలి. వరంగల్ ప్రాంతంలో ఇంటి టమాటకు బాగా కలిసివచ్చే కాలం వానలు తగ్గిన తరువాత మొదలై ఫిబ్రవరి దాకా ఉంటుంది. సంక్రాంతి నాటికి చెట్టు నిండా కాయ ఉండాలంటే అక్టోబరు మొదట్లో మొక్కలు నాటాలి, అందుకు సెప్టెంబరు మొదటి వారంలో పుబ్బ కార్తె ఉండగానే విత్తనం వేయాలి, నాటే రోజుకు మాగిన ఎరువు చేతిలో ఉండాలంటే మే చివర రోహిణి కార్తెలోనే కుప్ప మొదలుకావాలి.

ఈ లెక్క నాకు మొదటి ఏడాది తెలియదు. హన్మకొండలో మా ఇంటి డాబా మీద జూలై చివర చెత్త వేయడం మొదలుపెట్టి, రెండు నెలలకే తీసి చూస్తే పైకి నల్లగా కనిపించింది. ఇక తయారైందనుకొని మట్టిలో సగానికి సగం కలిపి పన్నెండు మొక్కలు నాటాను. పది రోజులకు కింది ఆకులు పసుపు పచ్చగా మారాయి, కొత్త చిగురు రావడం ఆగిపోయింది. ఊరి నుంచి వచ్చిన మా అమ్మ కుండీలో వేలు గుచ్చి, గుప్పెడు మట్టి తీసి ముక్కు దగ్గర పెట్టుకొని, "ఇది ఇంకా మాగలే బిడ్డా, లోపల ఉడుకుతున్నది" అన్నది. ఏ కుప్పను ఏ కార్తెలో చెలకకు తోలాలో చిన్నప్పటి నుంచి చూసిన మనిషి ఆమె. జరిగింది అదే. సగం చివికిన చెత్తను పూర్తిగా కుళ్ళబెట్టడానికి సూక్ష్మజీవులకు నత్రజని కావాలి; అది చెత్తలో చాలకపోతే చుట్టూ ఉన్న మట్టిలో నుంచి తీసుకుంటాయి, మొక్కకు మిగలనివ్వవు. పైగా ఆ దశలో వెలువడే ఆమ్లాలు, అమ్మోనియా లేత వేళ్ళను దెబ్బతీస్తాయి. ఆ పన్నెండింటిలో నాలుగు మొక్కలే బతికాయి.

ఏది వేయాలి, ఏది వేయకూడదు

తడి చెత్తను, పొడి చెత్తను, బ్యాటరీలు, మందుల వంటి ప్రమాదకరమైన వాటిని ఇంట్లోనే వేరు చేయాలని 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు చెప్పాయి. ఆ వేరు చేసిన తడి చెత్తలో కూడా అంతా ఎరువుకు పనికిరాదు. ఆనిగెపుకాయ చెక్కు, గోకరకాయ తొడిమెలు, ఆకుకూరల కాడలు, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ పొట్టు, అరటి తొక్కలు, పుచ్చకాయ చెక్కులు, చాయ్ పత్తి, దేవుడి దగ్గర వాడిన పూలు నిస్సందేహంగా వేయవచ్చు. చాయ్ పత్తిలో చక్కెర, పాలు ఉంటే ఒకసారి నీళ్ళతో కడిగి వేస్తే చీమలు రావు. చింతపండు పిప్పి, నిమ్మ చెక్కలు కొద్దికొద్దిగా పరవాలేదు, ఒకేసారి దోసెడు వేస్తే కుప్ప పులుస్తుంది. బతుకమ్మ తొమ్మిది రోజుల్లో మిగిలిపోయే బంతి, గునుగు, తంగేడు కొమ్మలను పారవేయకుండా చిన్న ముక్కలుగా కత్తిరించి వేసుకోవాలి, అయితే అవి ఆ సంవత్సరం పంటకు కాక తరువాతి కుప్పకు వస్తాయి.

వండిన అన్నం, కూర, పచ్చడి వేయకపోవడమే మంచిది. మన కూరల్లో ఉప్పు, నూనె రెండూ ఎక్కువే. నేలలో అయితే ఉప్పు వానకు కొట్టుకుపోతుంది, కుండీలో మాత్రం పేరుకుంటుంది. మాంసం, చేప, ఎముకలు ఎలుకలను, కుక్కలను పిలుస్తాయి. ఫంక్షన్లలో వాడే కాగితపు పళ్ళేలకు లోపలి వైపు పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి అవి పనికిరావు, మోదుగాకు విస్తరి దొరికితే నిశ్చింతగా వేయవచ్చు. ఆపిల్ పండ్ల మీద అంటించే చిన్న స్టిక్కరును ఒలవడం మరిచిపోతే, మూడు నెలల తరువాత అది కొత్తదానిలా మెరుస్తూ ఎరువులో కనిపిస్తుంది.

తెగులు పట్టిన టమాట, వంకాయ, మిరప మొక్కలను కుప్పలో వేయకూడదు. ఆకు ముడత వైరస్ తెల్లదోమ ద్వారా వ్యాపిస్తుంది గానీ ఎరువు ద్వారా కాదు. ఎండు తెగులు కలిగించే శిలీంధ్రం, వేళ్ళ మీద బొడిపెలు కట్టే నులిపురుగులు మాత్రం మట్టిలో, కుళ్ళని వేళ్ళలో నిలిచి ఉంటాయి. పెద్ద కుప్పలో వేడి 55 డిగ్రీలు దాటి కొన్ని రోజులు నిలబడితే ఇటువంటివి చాలావరకు చస్తాయి, కానీ ఇంట్లో పెట్టుకునే పాత్రలో అంత వేడి నమ్మకంగా రాదు. ఎరువు వేసిన కుండీల్లో తమంతట తామే టమాట మొలకలు రావడం దీనికి సాక్ష్యం, గింజ చావలేదన్నమాట. బజారు నుంచి తెచ్చిన హైబ్రిడ్ కాయల గింజల నుంచి వచ్చే ఆ మొలకలు తల్లి మొక్క లాగా కాస్తాయన్న హామీ లేదు, వాటిని పీకివేయడమే మేలు.

ఎండుటాకుల లెక్క

చెత్త కుళ్ళి కంపు కొట్టడానికి, చివికి ఎరువు కావడానికి మధ్య తేడా అంతా ఎండు పదార్థం దగ్గరే ఉన్నది. సూక్ష్మజీవులకు ఒక భాగం నత్రజనికి 25 నుంచి 30 భాగాల కర్బనం ఉంటే పని సాఫీగా సాగుతుంది. కూరగాయల చెత్తలో నత్రజని ఎక్కువ, నీళ్ళు మరీ ఎక్కువ. ఎండుటాకుల్లో కర్బనం ఎక్కువ. వంటింట్లో త్రాసు పెట్టి ఈ లెక్క తేల్చడం ఎవరికీ సాధ్యం కాదు కాబట్టి, ఒక డబ్బా తడి చెత్త వేసినప్పుడల్లా అదే డబ్బాతో రెండు డబ్బాల ఎండుటాకులు వేయాలన్న కొలత సరిపోతుంది.

అయితే ఎండుటాకు ఏడాది పొడవునా దొరకదు. మన దగ్గర వేప, రావి వంటి చెట్లు శివరాత్రికి, ఉగాదికి మధ్య ఆకు రాలుస్తాయి. అప్పుడే ఐదారు సంచుల ఆకు ఊడ్చి, మూతి కట్టి, తడి తగలని చోట దాచుకోవాలి. ఇది చేయని వారికి ఆషాఢం, శ్రావణం నెలల్లో వానకు నానిన ఆకు తప్ప మరేదీ దొరకదు, కుప్ప బురదగా మారేది కూడా సరిగ్గా అప్పుడే. వేపాకు ఒక్కటే వేస్తే చివకడం నెమ్మదిస్తుంది, అందుకే వేరే ఆకుతో సగం సగం కలపడం నా అలవాటు. పల్లె దగ్గర ఉన్నవారికి వరిగడ్డి, పల్లికాయ పొట్టు సులువుగా దొరుకుతాయి. గడ్డిని జానెడు ముక్కలుగా నరికి వేయాలి. మక్క బెండ్లు, పత్తి కట్టె ఒక్క కారులో చివకవు, వాటిని గాలి ఆడడానికి అడుగున పరచడానికే వాడుకోవాలి. ఏదీ లేని అపార్ట్‌మెంటు వారు పార్సిళ్ళతో వచ్చే అట్టపెట్టెల టేపు ఒలిచి, చింపి, తడిపి వేసుకోవచ్చు.

పాత్ర, తడి, గాలి

నలుగురున్న మా ఇంట్లో రోజుకు కిలోకు అటూ ఇటూగా తడి చెత్త వస్తుంది. దీనికి వంద లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ము గాని, పాతకాలపు మట్టి గోలెం గాని సరిపోతుంది. రెండు ఉండాలి, ఒకటి నిండుతుండగా మరొకటి మాగుతుంది. డ్రమ్ము అయితే అడుగున, చుట్టూ చిటికెన వేలు పట్టేంత రంధ్రాలు పాతిక ముప్పై పొడవాలి, ఇటుకల మీద ఎత్తుగా నిలపాలి. అడుగున బెత్తెడు మందంగా పుల్లలు, వాటి మీద ఎండుటాకు, ఆ పైన పాత ఎరువు గాని చెట్టు కింది మట్టి గాని రెండు దోసిళ్ళు చల్లాలి. చెత్త కుళ్ళించే పొడి పేరుతో సంచుల్లో అమ్మేవి కొననక్కరలేదన్నది నా అభిప్రాయం, ఆ పని చేసే సూక్ష్మజీవులు ఆ రెండు దోసిళ్ళ మట్టిలో ఇప్పటికే ఉన్నాయి. పేడ దొరికితే కిలో పేడను నీళ్ళలో కలిపి చల్లితే ఇంకా త్వరగా అందుకుంటుంది.

చెత్త ముక్కలు రెండు అంగుళాలకు మించకుండా తరిగి వేయాలి, వేసిన ప్రతిసారీ పైన ఎండుటాకు కప్పాలి. పచ్చి చెత్త పైకి కనిపించే పాత్రకే ఈగలు వస్తాయి. వారానికి ఒకసారి కర్రతో గాని చిన్న పారతో గాని కింది దాన్ని పైకి తిప్పాలి.

తడి సరిగ్గా ఉందో లేదో చేతితోనే తెలుస్తుంది. మధ్య భాగం నుంచి గుప్పెడు తీసి గట్టిగా పిండితే వేళ్ళ సందుల్లో తేమ మెరవాలి, ఒకటి రెండు చుక్కలకు మించి కారకూడదు. పిడికిలి విప్పితే ముద్ద నిలబడి, బొటనవేలితో తాకగానే విడిపోవాలి. నీళ్ళు ధారగా కారితే ఎండుటాకు చాలలేదని, ముద్ద కట్టకుండా రాలిపోతే ఎండిపోయిందని అర్థం. రోహిణి ఎండలకు డాబా మీది పాత్ర రెండు రోజుల్లోనే ఎండిపోతుంది, కాబట్టి నీడకు జరిపి, తడిపిన గోనె సంచి కప్పాలి. మృగశిర దాటి వానలు పట్టిన తరువాత దీనికి సరిగ్గా వ్యతిరేకంగా రేకు గాని పట్టా గాని వేసి నీరు పడకుండా చూడాలి. వాన నీరు నిండిన పాత్రలో గాలి ఉండదు, గాలి లేని చోట చెత్త చివకదు, కుళ్ళుతుంది. మురుగు కంపు వస్తుంది. అలా జరిగితే మొత్తాన్ని ఒక పట్టా మీద బోర్లించి, గంటసేపు ఆరనిచ్చి, మళ్ళీ ఎండుటాకు కలిపి నింపడం తప్ప వేరే మందు లేదు.

వానాకాలంలో మూత తీసినప్పుడు వేలి గోరంత పొడవున, బూడిద రంగులో, బలిసిన పురుగులు వందల కొద్దీ మెసలుతూ కనిపించవచ్చు. మా అత్తమ్మ మొదటిసారి వాటిని చూసి మొత్తం డ్రమ్మును వీధిలో పెట్టించబోయింది. అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై అనే ఈగ పిల్లపురుగులు. పెద్దయ్యాక ఈ ఈగ, ఇంటి ఈగలాగా వచ్చి మన తిండి మీద వాలదు, పురుగులు చెత్తను చాలా వేగంగా తినేస్తాయి, పని కాగానే వాటంతట అవే వెళ్ళిపోతాయి. వాటిని ఏమీ చేయకూడదు.

మాగిందని తెలుసుకోవడం

నల్లబడడం ఒక్కటే గుర్తు కాదని నా పన్నెండు మొక్కలు నేర్పాయి. మాగిన ఎరువులో తొక్క ఏదో కాడ ఏదో గుర్తుపట్టలేము, కోడిగుడ్డు పెంకు, మామిడి టెంక వంటివి మాత్రం మిగులుతాయి. తిప్పిన తరువాత కూడా మళ్ళీ వేడెక్కదు. తొలకరి వానకు తడిసిన మట్టి వాసన వస్తుంది. అనుమానం ఉంటే గుప్పెడు ఎరువును తడిపి, ఒక ప్లాస్టిక్ కవరులో గాలి చొరకుండా కట్టి మూడు రోజులు ఉంచి విప్పాలి. పుల్లటి వాసన గాని ఘాటైన అమ్మోనియా వాసన గాని కొడితే ఇంకా రెండు మూడు వారాలు ఆగవలసిందే.

అంతకంటే నమ్మకమైనది మెంతుల పరీక్ష. రెండు గ్లాసులు తీసుకొని, ఒకదానిలో ఉత్త మట్టి, మరొకదానిలో సగం మట్టి సగం ఎరువు నింపి, రెండింటిలోనూ పది పది మెంతి గింజలు వేసి, ఒకే చోట పెట్టి ఒకేలా నీళ్ళు చిలకరించాలి. ఐదో రోజుకు రెండు గ్లాసుల్లో మొలకలు ఇంచుమించు సమానంగా ఉండి, ఎరువు గ్లాసులోని మొలకను లాగి చూస్తే వేరు తెల్లగా, పొడవుగా ఉంటే నాటడానికి సిద్ధమైనట్టే. వేరు కురచగా, కొన గోధుమ రంగులో కనిపిస్తే టమాట వేరుకూ అదే గతి పడుతుంది. ఐదు రోజుల ఈ పని ఆ తరువాతి నాలుగు నెలల శ్రమను కాపాడుతుంది కాబట్టి ఏ ఏడాదీ దీన్ని వదలను.

మాగిన దాన్ని ఇసుక జల్లెడలో జల్లించి, పైన మిగిలిన ముతకను కొత్త కుప్పలో వేయాలి. వంద రోజుల చెత్త, దానికి తగిన ఆకు కలిస్తే మాకు 40 కిలోల చుట్టుపక్కల తేమ ఎరువు వస్తున్నది. నాటడానికి వారం పది రోజుల ముందు ప్రతి పది కిలోలకు 200 గ్రాముల చొప్పున ట్రైకోడెర్మా విరిడి కలిపి, తడిపి, నీడలో గోనె సంచి కింద ఉంచితే ఆ మేలు చేసే శిలీంధ్రం ఎరువు అంతటా అల్లుకొని, నారుకుళ్ళు, ఎండు తెగుళ్ళను చాలావరకు అడ్డుకుంటుంది.

మట్టిలో ఎంత కలపాలి

ఎరువు ఎంత ఎక్కువైతే అంత మంచిదన్న భావన టమాట విషయంలో చెల్లదు. నత్రజని ఎక్కువైన మొక్క ఏపుగా, ముదురు పచ్చగా, చూడముచ్చటగా పెరుగుతుంది, పూత మాత్రం రాదు. ఇరవై లీటర్ల కుండీలో మూడోవంతు ఎరువు చాలు, అంటే మూడు నుంచి నాలుగు కిలోలు. మా 40 కిలోలు పది పన్నెండు కుండీలకు సరిపోవడం ఈ లెక్కనే. మిగతా రెండు వంతుల్లో ఒక వంతు ఎర్ర చెలక మట్టి, మరో వంతు చెరువు మట్టి, దొడ్డు ఇసుక కలిపినది వాడతాను. ఎర్ర మట్టిలో నీళ్ళు నిలవవు, చెరువు మట్టి నీళ్ళను పట్టి ఉంచుతుంది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ చెరువుల పునరుద్ధరణ పథకంలో రైతులు పూడిక మట్టిని ట్రాక్టర్లతో చెలకలకు తోలుకున్నది ఈ గుణం కోసం కూడా. ఉత్త నల్ల రేగడిని కుండీలో వాడకూడదు, ఎండితే బిగుసుకొని పగుళ్ళిచ్చి వేళ్ళను తెంపుతుంది. పెరట్లో నేల మీద వేసేవారు చదరపు మీటరుకు రెండు నుంచి రెండున్నర కిలోలు కలిపితే, టమాటకు ఎకరాకు 8 నుంచి 10 టన్నుల పశువుల ఎరువు వేసే పద్ధతితో సమానమవుతుంది. కుండీకి గుప్పెడు వేపపిండి కూడా కలపడం మంచిది.

రకం సంగతి క్లుప్తంగా చెప్పాలంటే, తెగుళ్ళ భయం ఉన్నవారికి బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క రక్షక్ హైబ్రిడ్ అనుకూలం. అది ఆకు ముడత వైరస్‌ను, బాక్టీరియా ఎండు తెగులును, ఆకుమాడు తెగులును తట్టుకుంటుంది. విత్తనం దాచుకోవాలనుకునేవారు మాత్రం హైబ్రిడ్ కాక పీకేఎం-1 వంటి సూటి రకం వేసుకోవాలి. సాయంత్రం పూట, కాండాన్ని మొదటి ఆకుల జత దాకా మట్టిలో దింపి నాటితే పూడిన భాగం నుంచి కూడా వేళ్ళు పుడతాయి. నేలలో మొక్కకు మొక్కకు ఒకటిన్నర అడుగు, వరుసకు వరుసకు రెండు అడుగులు ఉండాలి. నాటిన రోజే కర్ర పాతాలి, తరువాత పాతితే వేళ్ళు తెగుతాయి.

నాటిన తరువాత

ఇంటి ఎరువులో నత్రజని శాతం ఒకటి రెండుకు మించదు, అందులోనూ మొదటి పంటకు అందేది కొంతే. అందుకే మొదట కలిపిన దానితో పని అయిపోదు. తొలి పూత కనిపించగానే మొదలు చుట్టూ, కాండానికి తాకకుండా, రెండు గుప్పిళ్ళ ఎరువు వేసి పైమట్టిని మెల్లగా కదిలించి, మూడు వారాలకు ఒకసారి మళ్ళీ వేయాలి. కాయలు దిగే సమయంలో ఆకు వెలవెలబోతే, ఏడు శాతం దాకా నత్రజని ఉండే పల్లి చెక్కను 50 గ్రాములు రెండు లీటర్ల నీళ్ళలో రెండు రోజులు నానబెట్టి, అంతే నీరు కలిపి నాలుగు కుండీలకు పోస్తే సరిపోతుంది. డ్రమ్ము అడుగున కారే నల్లటి నీరు మంచి మందని కొందరు నేరుగా మొక్కలకు పోస్తారు. అది సగం కుళ్ళిన చెత్త రసం, దాన్ని తిరిగి కుప్ప మీదే పోయడం క్షేమం.

కాయ అడుగు భాగం నల్లబడి, చదునుగా, తోలులాగా అయితే అది తెగులు కాదు, కాయకు కాల్షియం అందకపోవడం. దానికి మందుగా కోడిగుడ్డు పెంకులు నలిపి కుండీ మీద చల్లేవారిని చాలామందిని చూశాను. పెంకులో కాల్షియం ఉన్నమాట నిజమే గానీ, అది కరిగి వేరుకు అందేసరికి ఆ కారు అయిపోతుంది. పెంకులను ఎండబెట్టి, మిక్సీలో మెత్తగా పట్టి, మేలోనే కుప్పలో వేయాలి. అసలు లోపం ఎక్కువసార్లు నీళ్ళ దగ్గర ఉంటుంది. రెండు రోజులు ఎండబెట్టి మూడో రోజు నిలువునా ముంచితే మట్టిలో కాల్షియం ఉన్నా కాయ దాకా చేరదు, మాగే కాయలు పగులుతాయి కూడా. రోజూ ఉదయం ఒకే వేళకు, మొక్క మొదలు దగ్గరే, ఆకు తడవకుండా పోయాలి. సంచుల్లో మిగిలిన ఎండుటాకును రెండు అంగుళాల మందాన మొదలు చుట్టూ పరిస్తే తేమ నిలుస్తుంది.

పూత నిలవడం రాత్రి చలి మీద ఆధారపడుతుంది. రాత్రి ఉష్ణోగ్రత 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు పిందె బాగా పడుతుంది, మన దగ్గర చలికాలం రాత్రులు చాలావరకు ఇలాగే ఉంటాయి. మార్చి దాటి పగటి ఎండ 35 డిగ్రీలు మించిన తరువాత పుప్పొడి దెబ్బతిని పూత రాలుతుంది, అప్పుడు ఎంత ఎరువు వేసినా కాయ రాదు. కాబట్టి ఉగాదికి మొక్కలను పీకి, వేళ్ళు చూడాలి. బొడిపెలు లేకుండా శుభ్రంగా ఉంటే ముక్కలు చేసి కొత్త కుప్పలో వేయవచ్చు, బొడిపెలుంటే ఆ మొక్కనూ ఆ మట్టినీ కుప్పకు దూరంగా ఉంచి, మట్టిని మే ఎండలో పలుచగా పరిచి నెల రోజులు తిరగవేస్తూ ఎండబెట్టాలి. అదే కుండీలో వెంటనే టమాట గాని వంకాయ, మిరప గాని వేయకూడదు. వానలు పడగానే పుంటికూర చల్లితే, మట్టిలో మిగిలిన ఎరువే దానికి సరిపోతుంది.